అంచు ఎందుకు తగ్గుతోంది? క్రోషె అల్లికపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కొక్కెం సూదితో అల్లే క్రోషె గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొత్త డిజైన్లు అడిగినవి తక్కువ. మొదలుపెట్టిన అల్లిక ఎక్కడో గతి తప్పిందని, కారణం అంతుపట్టడం లేదని రాసినవే ఎక్కువ. అన్నీ చదివాక నాకు తోచిందేమిటంటే, వీరిలో చాలామందికి కుట్టు వేయడం వచ్చింది గానీ, వేసిన కుట్టును అల్లికలో గుర్తుపట్టడం ఇంకా రాలేదు. వీడియోలు చేతుల కదలికను చక్కగా చూపిస్తాయి. కింది వరుసలో ఒక కుట్టు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో ఆగి చూపించేవి తక్కువ. అందుకే ఈ సమాధానాల్లో సూది ఎలా తిప్పాలన్నదాని కన్నా ఎక్కడ గుచ్చాలన్నదానికే ఎక్కువ చోటు ఇచ్చాను. ఒకే సందేహం గల ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా తీసుకున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి ఊలు మఫ్లర్ అల్లుతున్నాను. 30 డబుల్ క్రోషెలతో మొదలుపెడితే, బెత్తెడు అల్లేసరికి 24 మాత్రమే మిగిలాయి. రెండు వైపులా అంచులు లోపలికి పోతున్నాయి. మధ్యలో ఎక్కడా కుట్టు వదలలేదని ఖాయంగా చెప్పగలను. మరి ఎందుకిలా జరుగుతోంది?
— ఒక పాఠకురాలు, హబ్సిగూడ

జవాబు: మీరు చెప్పింది నిజమే, మధ్యలో ఏ కుట్టూ పోలేదు. పోయినవన్నీ వరుస చివర్లలో పోయాయి. డబుల్ క్రోషె అనే పొడవు కుట్టుతో వరుస పూర్తి చేసి అల్లికను తిప్పాక, పై వరుసకు కావలసిన ఎత్తు కోసం 3 చైన్లు, అంటే గొలుసు కుట్లు, వేస్తాం. సాధారణ పద్ధతిలో ఆ 3 చైన్లే కొత్త వరుసలో మొదటి డబుల్ క్రోషె కింద లెక్కకు వస్తాయి కనుక, వాటి అడుగున ఉన్న కుట్టును విడిచిపెట్టి దాని పక్క కుట్టులో సూది గుచ్చుతాం. ఇంతవరకు దాదాపు అందరూ సరిగ్గానే చేస్తారు. చిక్కంతా వరుస ముగింపులో ఉంది. కింది వరుసలో కుట్టుగా లెక్కించిన ఆ 3 చైన్లు తక్కిన కుట్లలా నిండుగా కనిపించవు. సన్నగా, కాస్త పక్కకు ఒరిగి, అంచున వేలాడే దారంలా ఉంటాయి. అదొక కుట్టని తోచక, దానిలో డబుల్ క్రోషె వేయకుండానే అల్లికను తిప్పేస్తారు. వరుసకు ఒక కుట్టు చొప్పున పోతుంది, వరుస మారినప్పుడల్లా వైపు మారుతుంది కనుక రెండు అంచులూ తగ్గుతాయి. ఊలుతో బెత్తెడు అల్లికకు ఇంచుమించు ఆరు వరుసలు పడతాయి. మీకు పోయిన కుట్లూ ఆరే.

ఇప్పుడు అల్లికను వెలుతురులో పెట్టి దాని పై అంచును చూడండి. ప్రతి కుట్టు తలపైనా రెండు పాయలు కలిసి జడ అల్లికలాంటి గుర్తు కనిపిస్తుంది. ఆ రెండు పాయల కిందుగా సూది వెళ్లాలి. వరుస చివర ఆఖరి డబుల్ క్రోషె దాటాక, ఆ 3 చైన్లలో అన్నిటికన్నా పైనున్న చైనులోనూ అలాంటి రెండు పాయలు ఉంటాయి, కాకపోతే మెలిపడి చిన్నగా ఉంటాయి. మీ చివరి కుట్టు అక్కడే పడాలి. అలవాటయ్యేదాకా ఒక ఉపాయం పాటించండి: వరుస మొదట్లో 3 చైన్లు వేయగానే మూడో చైనుకు చిన్న పిన్నీసు తగిలించండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిన్నీసు ఉన్నచోటే చివరి కుట్టు వేసి, దాన్ని తీసి తర్వాతి వరుసకు మార్చుకోండి. వరుస పూర్తికాగానే కుట్ల కాళ్లను, అంటే నిలువుగా నిలబడిన భాగాలను, ఒకటి నుంచి ముప్పై దాకా లెక్కపెట్టండి. విసుగనిపిస్తుంది, కానీ ఆరు వరుసలు విప్పడం కన్నా అది తక్కువ పని.

రెండో పద్ధతి కూడా ఉంది. తిరిగేటప్పుడు 2 చైన్లే వేసి, వాటిని కుట్టుగా లెక్కించకుండా, అడుగున ఉన్న మొదటి కుట్టులోనే డబుల్ క్రోషె వేసి, వరుస చివర ఆ చైన్ల జోలికి పోకుండా తిరగవచ్చు. అంచు దగ్గర ఖాళీ తక్కువగా కనిపిస్తుంది కాబట్టి మఫ్లర్‌కు నేను దీన్నే ఇష్టపడతాను. అయితే ఒక అల్లికలో ఒకే పద్ధతి ఉండాలి. మొదటి కుట్టులోనూ సూది గుచ్చి, చివర చైన్లలోనూ గుచ్చితే వరుసకు ఒకటి చొప్పున పెరిగి, మఫ్లర్ కాస్తా విసనకర్రలా విచ్చుకుంటుంది. అంబర్‌పేట నుంచి రాసిన మరో పాఠకురాలి ఇబ్బంది సరిగ్గా ఇదే కనుక ఆమె కూడా దీన్నే జవాబుగా తీసుకోవచ్చు.

సింగిల్ క్రోషె అనే పొట్టి కుట్టు సంగతి వేరు. తిరిగేటప్పుడు 1 చైను వేస్తాం, దాన్ని కుట్టుగా లెక్కించం, మొదటి కుట్టులోనే సూది గుచ్చుతాం. హాఫ్ డబుల్‌కు 2, ట్రెబుల్‌కు 4 చైన్లు కావాలి (ఈ కుట్లు వేసే తీరు తర్వాతి జవాబులో ఉంది). మీ మఫ్లర్‌ను 30 కుట్లు ఉన్న వరుస దాకా విప్పి మళ్లీ అల్లడమే మంచిది. అంత తేడా తర్వాత ఏ సర్దుబాటుతోనూ దాగదు.

ప్రశ్న: వీడియోలో చూపించే డబుల్ క్రోషె పొడవుగా వస్తోంది. మా అత్తయ్యగారి దగ్గరున్న పాత డిజైన్ల పుస్తకం ప్రకారం వేస్తే అదే పేరుతో పొట్టి కుట్టు వస్తోంది. ఏది సరైనది?
— ఒక విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: రెండూ సరైనవే. అమెరికా వారు, బ్రిటన్ వారు ఒకే కుట్టును వేర్వేరు పేర్లతో పిలుస్తారు. బ్రిటిష్ పేరు ఎప్పుడూ ఒక మెట్టు పైన ఉంటుంది. అమెరికన్ సింగిల్ క్రోషె బ్రిటిష్ వారికి డబుల్ క్రోషె, వీరి హాఫ్ డబుల్ వారికి హాఫ్ ట్రెబుల్, వీరి డబుల్ వారికి ట్రెబుల్, వీరి ట్రెబుల్ వారికి డబుల్ ట్రెబుల్. మీ అత్తయ్యగారి పుస్తకం బ్రిటిష్ పేర్లు వాడినట్టు మీ ఉత్తరాన్ని బట్టే తెలుస్తోంది. ఏ డిజైన్‌లోనైనా సింగిల్ క్రోషె అన్న మాట ఒక్కచోట కనిపించినా అది అమెరికన్ పద్ధతని తేల్చుకోవచ్చు, ఎందుకంటే బ్రిటిష్ పద్ధతిలో ఆ పేరే లేదు. ఈ శీర్షికలో నేను అమెరికన్ పేర్లనే వాడుతున్నాను.

పేర్ల కన్నా సూది మీద లూపుల లెక్కను నమ్ముకోండి. కుట్టులో సూది గుచ్చి దారం లాగితే సూది మీద 2 లూపులు ఉంటాయి. మళ్లీ దారం వేసుకుని ఆ రెండిటిలోంచీ లాగితే సింగిల్ క్రోషె. సూది గుచ్చే ముందే ఒకసారి దారం చుట్టుకుంటే, దారం లాగాక 3 లూపులు ఉంటాయి. ఆ మూడిటిలోంచీ ఒకేసారి లాగితే హాఫ్ డబుల్, రెండేసి చొప్పున రెండుసార్లు లాగితే డబుల్. ముందుగా రెండుసార్లు చుట్టుకుని, 4 లూపులను రెండేసి చొప్పున మూడుసార్లలో పూర్తి చేస్తే ట్రెబుల్. దారం ఎప్పుడూ సూది వెనుక నుంచి పైమీదుగా ముందుకు రావాలి. సూదితో దారాన్ని పైనుంచి నొక్కి పట్టి లాగేవారి సింగిల్ క్రోషెలు ఇంటూ గుర్తులా, బిగువుగా వస్తాయి. బొమ్మలు అల్లేవారు కొందరు కావాలనే అలా వేస్తారు, లోపలి దూది బయటికి కనపడకుండా ఉంటుందని. తెలియక ఒక వరుస అలా, ఒక వరుస ఇలా వేస్తే మాత్రం అల్లిక చారలు కట్టినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: మొదటి గొలుసు చక్కగానే వస్తుంది, కానీ దాని మీద మొదటి వరుస అల్లడానికి సూది దూరడం లేదు. ఎలాగో కష్టపడి అల్లితే, కింది అంచు కుంచించుకుని విల్లులా వంగిపోతోంది.
— ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: గొలుసు మరీ బిగువుగా పడుతోంది. మీ సూదిని ఒకసారి పరీక్షగా చూడండి. కొక్కెం కింద మెడ సన్నగా ఉండి, ఆ కింద సమానమైన లావుతో ఒక భాగం ఉంటుంది. 4 మిల్లీమీటర్ల సూది అంటే ఆ సమానమైన భాగం 4 మిల్లీమీటర్లని అర్థం. కొత్తవారు లూపును మెడ దగ్గరే బిగించి లాగేస్తారు కాబట్టి అది అసలు కొలతకు రాకుండా చిన్నదైపోతుంది. ప్రతి లూపునూ లావు భాగం మీదికి జరిపి, అక్కడ వదులుగా కూర్చున్నాకే తర్వాతి చైను వేయండి. అలా కుదరకపోతే గొలుసు వరకు ఒకటి రెండు సైజులు పెద్ద సూది, అంటే 4కు బదులు 4.5 లేదా 5 మిల్లీమీటర్లది వాడి, మొదటి వరుస నుంచి మళ్లీ పాత సూదికి రండి.

గొలుసు లెక్కలో మరో రెండు పొరపాట్లు జరుగుతాయి. సూది మీదున్న లూపును, మొదటి జారుముడిని లెక్కలో చేర్చకూడదు. 20 సింగిల్ క్రోషెలు కావాలంటే 21 చైన్లు వేసి, సూది నుంచి రెండో చైనులో మొదలుపెట్టాలి. 20 డబుల్ క్రోషెలు కావాలంటే 22 చైన్లు వేసి, నాలుగో చైనులో మొదలుపెట్టాలి. వదిలిన మూడూ కలిసి మొదటి కుట్టవుతాయి. పొడవైన గొలుసైతే ఒక ఐదారు చైన్లు ఎక్కువే వేసుకోండి. మిగిలినవాటిని తర్వాత జారుముడి వైపు నుంచి ఓపికగా విప్పుకోవచ్చు, కానీ తక్కువ పడితే మొదటి నుంచీ మళ్లీ వేయవలసి వస్తుంది.

ప్రశ్న: మనవరాలికి టోపీ అల్లుదామని గుండ్రంగా మొదలుపెట్టాను. నాలుగు చుట్లు తిరిగేసరికి అంచు పూరీ అంచులా అలలు తిరిగింది. విప్పి, కుట్లు తగ్గించి అల్లితే ఈసారి గిన్నెలా ముడుచుకుంది. గుండ్రని అల్లిక బల్లపరుపుగా రావడానికి లెక్క ఏమైనా ఉందా?
— ఒక అమ్మమ్మగారు, వనస్థలిపురం

జవాబు: ఉందండీ, అది బడిలో చదివిన వృత్తం లెక్కే. వృత్తం వ్యాసార్ధం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరుగుతుంది. సింగిల్ క్రోషె ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కనుక, ఒక చుట్టు అల్లినప్పుడు వ్యాసార్ధం ఒక కుట్టంత పెరుగుతుంది, చుట్టుకొలతలో ఆరు కుట్ల చోటు కొత్తగా పుడుతుంది. అందుకే సింగిల్ క్రోషెతో మధ్యలో 6 కుట్లు వేసి, చుట్టుకు ఆరు చొప్పున 12, 18, 24, 30 అని పెంచుకుంటూ పోతాం. డబుల్ క్రోషె ఎత్తు ఇంచుమించు వెడల్పుకు రెట్టింపు కనుక దానికి 12తో మొదలుపెట్టి 24, 36, 48 అని పెంచాలి. హాఫ్ డబుల్ ఈ రెండిటి మధ్యది, 8తో మొదలుపెట్టి ఎనిమిదేసి పెంచితే చాలామందికి సరిపోతుంది. అంచు అలలు తిరిగితే పెంపు ఎక్కువైందని, గిన్నెలా ముడుచుకుంటే తక్కువైందని గ్రహించాలి. మీరు డబుల్ క్రోషెకు చెప్పిన లెక్కను సింగిల్ క్రోషెకు వాడి ఉంటే మొదటి ఫలితం, సింగిల్ లెక్కను డబుల్‌కు వాడి ఉంటే రెండోది వచ్చి ఉంటుంది.

పెంచడమంటే ఒకే కుట్టులో రెండు కుట్లు వేయడం. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండు, మూడో చుట్టులో ఒకటి మామూలుగా వేసి తర్వాతి దానిలో రెండు, నాలుగో చుట్టులో రెండు మామూలుగా వేసి మూడోదానిలో రెండు, ఇలా మధ్యనున్న మామూలు కుట్లు చుట్టుకొకటి పెరుగుతాయి. పెంపులన్నీ ఒకదానిపై ఒకటి పడితే సింగిల్ క్రోషె అల్లిక ఆరు మూలలు తేలుతుంది. అది ఇష్టం లేకపోతే చుట్టు విడిచి చుట్టులో పెంపును కొన్ని కుట్లు పక్కకు జరపండి.

మీ అల్లికలో ఇంకో లోపం కూడా ఉండే అవకాశం ఉంది. చుట్టు పూర్తిచేసి స్లిప్ స్టిచ్‌తో (గుచ్చి లాగిన దారాన్ని సూది మీది లూపులోంచీ లాగేసే కుట్టుతో) కలిపినచోట చిన్న ముడిలాంటిది ఏర్పడుతుంది. తర్వాతి చుట్టులో దాన్ని కుట్టనుకుని అందులోనూ సూది గుచ్చుతారు. లెక్క చుట్టుకొకటి అదనంగా పెరిగి, కొంతసేపటికి పెంపులు ఎక్కడ పడాలో కూడా తెలియకుండా పోతుంది. సింగిల్ క్రోషెతో అల్లేటప్పుడు కలపకుండా మరచుట్టులా సాగిపోవడం తేలిక. అప్పుడు మాత్రం ప్రతి చుట్టు మొదటి కుట్టుకూ పిన్నీసు తప్పనిసరి, లేకపోతే చుట్టు ఎక్కడ ముగిసిందో కనిపెట్టలేరు.

టోపీ కోసం బల్లపరుపు భాగాన్ని ఎంతవరకు పెంచాలన్నది తల కొలతను బట్టి ఉంటుంది. పాప తల చుట్టుకొలతను 3.14తో భాగించండి. 16 అంగుళాలైతే సుమారు 5 అంగుళాలు వస్తుంది. టోపీ తలకు పట్టి ఉండాలి కనుక ఆ బిళ్ల అడ్డకొలత ఐదుకు కొంచెం తక్కువ ఉండగానే పెంచడం ఆపేసి, తర్వాత కుట్టుకొక కుట్టు చొప్పున అల్లుకుంటూ పోతే అదే కిందికి దిగుతుంది. మన హైదరాబాద్‌లో పసిపిల్లకు ఊలు టోపీ డిసెంబరు, జనవరి నెలల్లోనే పనికొస్తుంది కాబట్టి మెత్తని నూలుతో అల్లితే మిగతా రోజుల్లోనూ పెట్టవచ్చు.

ప్రశ్న: సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు వెళ్లి దారం, సూది అడిగితే దుకాణదారు పది నంబరు దారం ఇచ్చి, పది నంబరు సూది కూడా ఇచ్చాడు. రెండూ సరిపోవడం లేదు. ఏం అడిగి కొనాలి?
— ఒక బ్యాంకు ఉద్యోగిని, తార్నాక

జవాబు: దారం నంబరుకూ సూది నంబరుకూ సంబంధం లేదు. నూలు దారంలో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 కన్నా 20 సన్నం, 40 ఇంకా సన్నం. లేసులు అల్లే ఉక్కు సూదుల్లోనూ నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. ఊలు సూదులకు అమెరికన్ అక్షరాలు వాడినప్పుడు మాత్రం అక్షరం ముందుకు పోయేకొద్దీ లావవుతుంది. 4 మిల్లీమీటర్ల సూదినే అమెరికన్ పద్ధతిలో జి అని, పాత బ్రిటిష్ పద్ధతిలో 8 అని అంటారు. ఈ గందరగోళంలో పడకుండా సూది మీద చెక్కి ఉన్న మిల్లీమీటర్లను అడిగి కొనండి. 10 నంబరు నూలుకు 1.5 మిల్లీమీటర్ల సూది కాస్త అటూ ఇటూగా సరిపోతుంది, మధ్యరకం ఊలుకు 4 నుంచి 5 మిల్లీమీటర్లది కావాలి.

నా సలహా అడిగితే, మొదటిసారే సన్నని దారం జోలికి పోకండి. మధ్యరకం లావున్న, నునుపైన, లేత రంగు ఊలో నూలో తీసుకోండి. నల్ల దారంలోనూ, నూగు ఎక్కువగా ఉన్న ఊలులోనూ కుట్లు కంటికి కనపడవు. కనపడని కుట్లను లెక్కపెట్టడం అనుభవజ్ఞులకే కష్టం. పెద్ద పనికైతే కావలసిన ఉండలన్నీ ఒకేసారి, ఒకే లాట్ నంబరు (రంగు వేసిన విడతను తెలిపే నంబరు) చూసి కొనండి. అదే రంగని చెప్పి ఇచ్చినా లాట్ మారితే ఛాయ మారుతుంది, అది దుకాణం దీపాల కింద తెలియదు, ఇంట్లో ఎండలో తెలుస్తుంది.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. కుడిచేత్తో నేర్చుకోవాలా?
— ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: అక్కర్లేదు. సూది ఎడమచేత, దారం కుడిచేత పట్టుకుని, ఎడమ నుంచి కుడికి అల్లండి. నేర్పేవారి పక్కన కాకుండా ఎదురుగా కూర్చుంటే వారి చేతులు మీకు అద్దంలో చూసినట్టే కనిపిస్తాయి. రాతపూర్వకమైన డిజైన్లు అలాగే పనికొస్తాయి. బొమ్మరూపంలో ఉన్న చార్టులను మాత్రం కుడి ఎడమలు తారుమారు చేసి చదువుకోవాలి.

ప్రశ్న: సోఫా కవరు పద్నాలుగో వరుస అల్లుతుండగా నాలుగో వరుసలో ఒక కుట్టు వదిలేసినట్టు కనిపించింది. మొత్తం విప్పాల్సిందేనా?
— ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అది మీరు అల్లుతున్న డిజైన్‌ను బట్టి ఉంటుంది. అంతా ఒకే రకం కుట్లతో సాదాగా అల్లుతున్నట్టయితే, ఇప్పుడున్న వరుసలో మధ్యన ఎక్కడైనా ఒక కుట్టులో రెండు వేసి లెక్క సరిచేసి ముందుకు సాగండి. అంచున పెంచవద్దు, అక్కడైతే మెట్టులా తేలుతుంది. కానీ జాలీ డిజైన్, పైనాపిల్ డిజైన్ లాంటివైతే, కింద ఒక కుట్టు తప్పితే పైన పువ్వు మొత్తం పక్కకు జరుగుతుంది కాబట్టి విప్పక తప్పదు. ఇందులో క్రోషెకు ఒక సౌలభ్యం ఉంది. రెండు సూదుల ఊలు అల్లికలో వరుస కుట్లన్నీ సూది మీదే ఉంటాయి, జారితే అన్నిటినీ పట్టుకోవాలి. ఇక్కడ ముడిపడకుండా సూది మీద ఉండే లూపు ఒక్కటే. ఎక్కడ ఆగాలనుకుంటున్నారో ఆ కుట్టు తలకు ముందుగానే పిన్నీసు పెట్టి, సూది తీసేసి, దారం లాగండి. పిన్నీసు దగ్గర అదే ఆగుతుంది. విప్పిన దారాన్ని వెంటనే ఉండగా చుట్టుకోండి. ముడతలు పడిన దారంతో అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి కనుక, ఎక్కువ మొత్తమైతే లచ్ఛగా చుట్టి, నీళ్లలో తడిపి, నీడలో వేలాడదీసి ఆరాక వాడండి.

ప్రశ్న: ఎండాకాలంలో చేతికి చెమట పట్టి దారం జారదు, కుట్లు బిగుసుకుపోతున్నాయి. అర్ధగంట అల్లేసరికి మణికట్టు లాగేస్తోంది.
— ఒక ఉపాధ్యాయిని, ఉప్పల్

జవాబు: వేసవిలో ఆక్రిలిక్ ఊలు పక్కనపెట్టి నూలు అల్లండి, సగం ఇబ్బంది పోతుంది. దారాన్ని ఎడమచేతి చిటికెన వేలికి ఒక్క చుట్టు చుట్టి, చూపుడువేలి మీదుగా రానివ్వండి; వేళ్లతో గట్టిగా నొక్కి పట్టడం వల్లే కుట్టు బిగుస్తుంది, మణికట్టూ లాగుతుంది. పౌడరు రాసుకోమని కొందరు చెబుతారు, కానీ అది దారానికి అంటి మురికి పడుతుంది. సన్నని ఉక్కు సూదికి లావు పిడి తొడుక్కుంటే పట్టు సులువవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, నొప్పి మొదలయ్యాక ఒక్క వరుసైనా అల్లవద్దు.

ప్రశ్న: ఆక్రిలిక్ ఊలుతో అల్లిన బేబీ దుప్పటి అంచులు ముడుచుకుంటున్నాయని ఇస్త్రీ చేశాను. ఇస్త్రీ పెట్టె తగిలినచోట మెరుపు వచ్చి, చచ్చుబడినట్టు వేలాడుతోంది. మళ్లీ పూర్వస్థితికి వస్తుందా?
— ఒక పాఠకురాలు, అల్వాల్

జవాబు: రాదు. ఆక్రిలిక్ ఒక రకం ప్లాస్టిక్ కాబట్టి వేడికి మెత్తబడి దాని పొంకం శాశ్వతంగా పోతుంది. ఆ అంచు వరుసలను విప్పి కొత్త ఊలుతో మళ్లీ అల్లండి. ఆక్రిలిక్ అల్లికను తడిపి, నీళ్లు పిండి, పరుపు మీద తువ్వాలు పరచి, కావలసిన కొలతకు సాగదీసి, తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చి ఆరనివ్వడమే పద్ధతి. నూలు అల్లికకైతే ఇస్త్రీకి ఇబ్బంది లేదు, నూలుగుడ్డ కప్పి చేయవచ్చు. బల్లమీది గుండ్రని నూలు అల్లికలకు వడకట్టిన పలుచని గంజి పెట్టి, సూదులు గుచ్చి ఆరబెడితే ఆకారం నిలుస్తుంది. అయితే వానాకాలంలో వాటిని బీరువాలో పెట్టేముందు గంజి పోయేలా ఉతికి ఆరబెట్టండి, గంజికి సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి.

ప్రశ్న: మా నానమ్మగారిది నరసాపురం. ఆవిడ పెళ్లినాటి లేసు టేబుల్ క్లాత్ ఇప్పుడు నా దగ్గరుంది. మధ్యలో ఒకచోట దారం తెగి, రూపాయి బిళ్లంత రంధ్రం పడింది. ముందు ఉతికి, తర్వాత బాగుచేద్దామనుకుంటున్నాను. నేను సింగిల్, డబుల్ క్రోషెలు మాత్రమే నేర్చుకున్నాను. ఇది నాకు సాధ్యమేనా?
— ఒక పాఠకురాలు, బేగంపేట

జవాబు: ముందు ఉతకవద్దు. తెగిన చోట లూపులు విడివడి ఉంటాయి. నీళ్లలో నలిగితే రూపాయంత రంధ్రం అరచేయంత అవుతుంది. వేరే రంగు సన్నని నూలు దారం కుట్టుసూదికి ఎక్కించి, రంధ్రం చుట్టూ విడిపోయిన ప్రతి లూపులోంచీ దూర్చి, వదులుగా కట్టి ఉంచండి. రంగు దారం ఎందుకంటే తర్వాత దాన్ని వెతికి తీయడం తేలిక. ఆ తర్వాతే గోరువెచ్చని నీళ్లలో, తేలికపాటి సబ్బుతో, పిండకుండా ఉతకండి. బ్లీచింగ్ పౌడర్ లాంటివి దగ్గరకు రానివ్వకండి, పాత నూలు వాటికి ఆగదు.

ఇప్పుడు ఆ అల్లికను వెనక్కి తిప్పి చూడండి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన ఈ విద్యలో, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన నరసాపురం లేసులో, పని విడివిడిగా సాగుతుంది. కొందరు పువ్వులు అల్లుతారు, మరికొందరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. మీ టేబుల్ క్లాత్ కూడా అలా పువ్వుపువ్వుగా అల్లి అతికినదైతే మీ పని సగం తీరినట్టే, ఎందుకంటే రంధ్రాన్ని పూడ్చనక్కర్లేదు, దెబ్బతిన్న పువ్వును తీసేసి అలాంటిదే మరొకటి అతికితే సరిపోతుంది. పక్క పువ్వును భూతద్దంతో చూసి, మధ్య వలయంలో ఎన్ని కుట్లున్నాయో, ఒక్కో చుట్టులో చైన్లెన్నో, డబుల్ క్రోషెలెన్నో కాగితం మీద రాసుకోండి. మీకు వచ్చిన కుట్లు, చైను, స్లిప్ స్టిచ్ కలిస్తే ఇలాంటి పువ్వులు చాలావరకు అల్లవచ్చు. దారం లావు తెలుసుకోవడానికి 20, 40 నంబర్ల దారాలతో ఒక్కో పువ్వు అల్లి పాతదాని పక్కన పెట్టి చూడండి. ఏది కొలతకు సరిపోతే అదే మీ దారం.

కొత్త దారం పాలలా తెల్లగా ఉండి పాత లేసు పక్కన కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అల్లిన పువ్వును పలుచని టీ డికాక్షన్‌లో కాసేపు ఉంచి, కడిగి, ఆరబెడితే ఆ తెలుపు విరుగుతుంది. ఛాయ ఎంత పడుతుందో ముందు పరీక్షకు అల్లిన పువ్వుల మీద చూసుకోండి. కొత్త నూలు తడిస్తే కాస్త కుంచించుకుంటుంది కనుక ఈ తడపడం, ఆరడం అతకడానికి ముందే జరిగిపోవాలి. అతికేటప్పుడు చుట్టుపక్కల పువ్వులు ఒకదానితో ఒకటి ఏ కొసల దగ్గర, ఎన్ని చైన్లతో కలిశాయో చూసి అదే లెక్క పాటించండి. చివర దారాన్ని అర జానెడు వదిలి కత్తిరించి, సన్నని సూదితో కుట్ల వెనుకగా ఒక దిక్కుకు, మళ్లీ వెనక్కి, మరోసారి ముందుకు పోనివ్వండి. నునుపైన నూలులో ఒక్క దిక్కుకు దోపిన కొస రెండు ఉతుకుల్లో బయటికి వస్తుంది, ముడి వేస్తే లేసు మీద బొడిపెలా తేలుతుంది. ఇదంతా అయ్యాకే ఆ రంగు దారాన్ని తీయండి.